పదిహేడో పేరు

3 ఏప్రిల్, సోమవారం

తప్పు చేసినవాడు గెన్నాదీ పావ్లొవిచ్ రీబిన్. పట్టణ సోవియట్ కార్యాలయం, రెండో అంతస్తు, ఏడో నంబరు గది. రేపు ఎవరూ కాదనకుండా పేరూ గదీ రాసి పెట్టుకుంటున్నాను.

చట్టం స్పష్టంగా ఉంది. ఒక పేటలో ఇరవైమంది పెద్దవాళ్ళు పేర్లిచ్చి సంతకాలు చేసి అడిగితే, మూతపడ్డ చర్చి సంగతి సమావేశంలో చర్చకు పెట్టి తీరాలి. నది అవతల జరేచ్యెలో త్రోయిత్స చర్చి యాభై రెండేళ్ళుగా కూరగాయల గోదాము. ఐదు గుమ్మటాల కింద బీట్‌రూటు, క్యాబేజీ. ఇరవయ్యో తారీఖు సమావేశంలో దాన్ని జీన్స్ ప్యాంట్లు కుట్టే సహకార సంఘానికి రాసివ్వబోతున్నారు. మేం మార్చి 27నే ఇరవై పేర్లూ ఇచ్చాం. ఇవాళ రీబిన్ ఆ జాబితాను బల్ల మీద రెండు వేళ్ళతో నా వైపు తోశాడు.

"చెల్లదు."

"ఎందుకు చెల్లదు?"

"అడగడానికి నువ్వెవరివి? ఇందులో నీ పేరుందా?"

"నేను విదేశీయుణ్ణి. క్లావ్‌దియా యెగోరొవ్నకి తోడొచ్చాను."

"అయితే తోడుండు, మాట్లాడకు. వచ్చే సోమవారం ఆవిణ్ణి రమ్మను. ఆవిడకే చెబుతా."

ఆవిడ, మా క్లావా మామ్మ, నడవాలో బెంచీ మీద కూర్చుని ఉంది. ఏప్రిల్ వచ్చినా ఫెల్టు బూట్లు విప్పలేదు.

"ఏమన్నాడు, కోస్త్యా?"

"భోజనానికి వెళ్తున్నాడట."

"తిననీ పాపం. చిన్నప్పుడు మా మడిలో ఉల్లిపాయలు దొంగతనంగా పీక్కుపోయేవాడు. వాడికి ఆకలెక్కువ."

నాకు దేవుడు లేడు. తొమ్మిదో తరగతిలోనే కరపత్రాలు చదివి ఆ సంగతి తేల్చుకున్నాను. కానీ కాయితం మీద హక్కు రాసిపెట్టి, అడగొచ్చిన ముసలివాళ్ళ మొహాన తలుపు వెయ్యడమా? ఏ కరపత్రమూ దీన్ని ఒప్పుకోదు.

4 ఏప్రిల్

రీబిన్ మీద జిల్లా పత్రికకి నాలుగు పేజీల ఉత్తరం రాశాను. "సిగ్గుచేటు" అనే మాట ఏడుసార్లు వచ్చింది. మూడు కొట్టేశాను.

5 ఏప్రిల్

జాబితా ఎలా తయారైందో వరసగా రాస్తున్నాను. కేసు దాకా పోతే పనికొస్తుంది.

గత వేసవిలో కాలేజీ ప్రాక్టీసు కింద ఆ చర్చి కొలతలు తీసింది నేనే. గోడ మందం మీటరూ పాతిక సెంటీమీటర్లు. ఉత్తరపు గోడకి నిలువెత్తున ఉప్పు పట్టింది, అది క్యాబేజీ తేమ. నిచ్చెన పట్టుకునేవాళ్ళు లేకపోతే క్లావా మామ్మ వచ్చి పట్టుకునేది. డెబ్భై నాలుగేళ్ళ మనిషి. రెండు కళ్ళలోనూ శుక్లాలు. "పడితే నా మీదే పడు నాయనా, మెత్తగా ఉంటా" అనేది. కోటేశ్వరరావుని కోస్త్యా చేసింది ఆవిడే. ఇప్పుడు ఊరంతా అలాగే పిలుస్తుంది. పూర్తి పేరుతో పిలిచేది డీన్ ఆఫీసు ఒక్కటే, అదీ తిట్టడానికి.

ఇరవైమంది చాలని చట్టంలో ఉందని నేను చెప్పేదాకా జరేచ్యెలో ఎవరికీ తెలీదు. ఇది గర్వంగా చెప్పుకోవడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మార్చి 26న ఆవిడ వంటింట్లో కూర్చున్నాం. పేర్లెక్కడున్నాయంటే దేవుడి పటాల మూలలో వెతకమంది. పటాల వెనక దారంతో కట్టిన రెండు కాయితాలున్నాయి. ఆవిడ పిండి కలుపుతోంది. మొదటి కాయితంలో పంతొమ్మిది పేర్లు. ఇరవై కావాలి. రెండో కాయితంలో పై పేరు పెలగేయా నికీతిచ్న సూహొవా.

"మామ్మా, పెలగేయా ఇల్లెక్కడ?"

"నా గోడకానుకునే. నీలం కిటికీలు."

"ఏ సంవత్సరంలో పుట్టింది?"

"ఎనిమిదిలో. నాకంటే ఏడేళ్ళు పెద్ద."

అంతే. అన్నీ అక్షరక్రమంలో, డ్రాయింగు అక్షరాల్లో రాశాను. ఒక్క కొట్టివేత లేదు. అలాంటి జాబితా ఆ ఆఫీసు పుట్టాక చూసి ఉండదు.

నడిచి రాలేని ఎనిమిదిమందికి సంతకం క్లావా మామ్మే పెట్టింది. జరేచ్యెలో అది మామూలే. పోస్టు లీదా పింఛన్లన్నీ ఈవిడ ఇంట్లో ఇచ్చిపోతుంది, ఈవిడ అందరికీ సంతకాలు పెట్టి ఇంటింటికీ పంచుతుంది. ఇరవై ఏళ్ళలో ఒక్కరూ ఫిర్యాదు చెయ్యలేదు. ఆవిడకి గీత కనపడదు కాబట్టి నేను వేలు పెట్టి చూపించాను. చూపించిన చోటల్లా పెట్టింది.

ఇందులో తప్పేముంది? రీబిన్ చెప్పాలి.

8 ఏప్రిల్, శనివారం. మాస్కో రైల్లో, తిరుగు ప్రయాణం

కాలేజీ యాత్ర. నాలుగేళ్ళలో ఇది మూడోసారి. క్రెమ్లిన్ చర్చిలు పొద్దున, జార్ల ఖజానా మధ్యాహ్నం. నేల మీద గీతలు పడకుండా బూట్లకి తొడిగే గుడ్డ సంచులు ఈసారి నా కాళ్ళకి సరిపోయాయి.

దంతపు సింహాసనం, వజ్రాల సింహాసనం, గుర్రాల జీన్లకి కెంపులు, ఒక్కొక్కటీ మా హాస్టలు గదంత ఉన్న బగ్గీలు. నేను దేని ముందూ ఎక్కువసేపు ఆగలేదు. ఆగినది రెండు పీటల వెండి సింహాసనం ముందే. ఇద్దరు పిల్ల జార్లని పక్కపక్కన కూర్చోబెట్టేవారట. వెనక చిన్న కంత ఉంది. రాయబారులొస్తే తెర చాటున ఎవరో కూర్చుని, ఏం జవాబు చెప్పాలో ఆ కంతలోంచి అందించేవారట. గైడమ్మ చెప్పగానే అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

తర్వాత ముత్యాల బట్టలు. జరేచ్యె చర్చికి కూడా ఒక రాణి ఇలాంటి వస్త్రమే పంపిందంటారు. సమాధిలో పడుకోబెట్టిన క్రీస్తుని ముత్యాలతో కుట్టింది. కొడుకు పుడితే పంపుతానని మొక్కుకుని స్వయంగా కుట్టిందని క్లావా మామ్మ చెబుతుంది. స్వయంగానా! పది గ్రామాల ఆడవాళ్ళు చూపు పోయేదాకా కుట్టి ఉంటారు, రాణి ముడి వేసి ఉంటుంది. ఇప్పుడది మా ఊరి మ్యూజియం బీరువాలో ఉంది. గుడ్ ఫ్రైడే రోజు ఒకప్పుడు చర్చి చుట్టూ మోసేవాళ్ళు. ఈ ఏడు గుడ్ ఫ్రైడే 28న.

రైలుకి గంట టైముంది. వాన, మంచు కలిసి పడుతున్నాయి. నా గదివాడు తిమొఫెయ్, స్టేషను పక్క చిన్న చర్చిలో వెచ్చగా ఉంటుందని లాక్కుపోయాడు. అది మూతపడని చర్చి. కొవ్వొత్తుల బల్ల దగ్గర రెండు చీటీలు తీసుకుని పేర్లు రాశాడు. రెండోదాని నెత్తిన శిలువ గీశాడు.

"దానికే ఎందుకు గీశావు?"

"ఇది తాతది. పోయినవాళ్ళ చీటీకి శిలువ గీస్తారు. అది అమ్మ ఆరోగ్యానికి. కలిసిపోతే ఫాదర్ తాతకి ఆయురారోగ్యాలు అడిగేస్తాడు, అమ్మకి ఆత్మశాంతి. ఇన్నేళ్ళున్నావు, ఇది తెలీదా?"

"నాకెందుకు తెలియాలి?"

"చర్చి కొలిచానన్నావుగా. గోడలొక్కటే కొలిచావన్నమాట."

రైల్లో తిమొఫెయ్ ఉడకబెట్టిన గుడ్లు తిన్నాడు. నేను వద్దన్నాను. బయట ఏమీ లేదు, బిర్చి చెట్లే.

9 ఏప్రిల్

రెండో కాయితం మీద శిలువ ఉందో లేదో నాకు గుర్తు లేదు. ఆ ఇంట్లో శిలువ లేని వస్తువేది? రొట్టె కొయ్యబోయే ముందు కూడా దాని మీద కత్తితో గీస్తారు.

సాయంత్రం గుర్తొచ్చింది. ఉంది. నీలం పెన్సిలుతో.

10 ఏప్రిల్, సోమవారం

ఏడో నంబరు గది. ఇద్దరు గుమాస్తా అమ్మాయిలు టైపు చేస్తున్నారు. రీబిన్ లేచి స్వయంగా కుర్చీ వేశాడు.

"క్లావ్‌దియా యెగోరొవ్నా, పెలగేయా నికీతిచ్న సూహొవా మీకు తెలుసా?"

"తెలియకేం? చివరి స్నానం చేయించింది నేనే."

"ఎప్పుడు?"

"జనవరిలో. నేల గడ్డకట్టుకుపోతే గొయ్యి తవ్వడానికి రెండ్రోజులు పట్టింది. నువ్వేగా చావు కాయితం ఇచ్చింది."

"నేనే ఇచ్చాను. మరి మార్చిలో ఆవిడ చర్చి కావాలని ఎలా సంతకం చేసింది? పదిహేడో పేరు."

టైపు మిషన్లు ఆగాయి.

మామ్మ నా వైపు తిరగలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుంది. దానిలోంచి ఆవిడకి కనిపించేదేమీ లేదు, అయినా తుడుస్తుంది.

"నేనే పెట్టా. ముసల్దాన్ని, మతి పోయింది."

"పేరు రాసిందెవరు?"

"ఎవరు రాస్తేనేం, నేను చెబితేనేగా."

కిటికీ దగ్గరమ్మాయి ఉండబట్టలేకపోయింది. "గెన్నాదీ పావ్లొవిచ్, సూహొవా గారిని సమావేశానికి గుర్తింపు కోసం పాస్‌పోర్టు తెచ్చుకోమని కబురు పెట్టమంటారా?"

ఇద్దరూ పగలబడి నవ్వారు. రీబిన్ నవ్వలేదు. "ఇది దొంగ సంతకం. ప్రాసిక్యూటరుకి పంపాల్సిన సంగతి" అన్నాడు, నెమ్మదిగా, పెద్దావిడకి మందు ఎలా వేసుకోవాలో చెబుతున్నట్టు.

నేను లేచి మాట్లాడబోయాను. మామ్మ నా మోచెయ్యి పట్టుకుంది. గట్టిగా కాదు.

పట్టుకుందనే అనుకుంటున్నాను.

11 ఏప్రిల్

రీబిన్ భయపెట్టి ఆవిడ చేత ఆ మాట అనిపించాడు. అధికారులకి ఇది అలవాటే. పత్రికకి రెండో ఉత్తరం మొదలుపెట్టాను. పూర్తి కాలేదు.

12 ఏప్రిల్

మ్యూజియంకి వెళ్ళాను. అక్కడ భాండాగారం చూసుకునే ఆగ్నియా ల్వోవ్న జరేచ్యె మనిషే. చర్చికి వెళ్ళదు, పార్టీలోనూ లేదు, సిగరెట్లు తాగుతుంది. పెలగేయా పేరు పోతే మిగిలేది పంతొమ్మిదే. ఇరవయ్యో సంతకం ఆవిణ్ణి అడుగుదామని.

రాణి వస్త్రం పరీక్ష రోజు. బల్ల మీద పరిచి భూతద్దంతో చూస్తోంది. నన్ను అడుగు దూరంలో నిలబడమంది. క్రీస్తు ముఖం పట్టుదారం, చుట్టూ ముత్యాలు. కొన్ని చోట్ల ముత్యాలు రాలి సూది రంధ్రాలు మిగిలాయి.

"ఊపిరి అటు వదులు, దీని మీద కాదు" అంది. "ఇది మీకిస్తే ఏం చేస్తారు? కొవ్వొత్తి పొగ పెడతారు, సాంబ్రాణి పెడతారు, వరసలో నిలబడి తడి పెదాలతో ముద్దులు పెడతారు. ముత్యం పదేళ్ళలో చస్తుంది. నువ్వు కొలిచిన ఆ గోడ పక్కనైతే ఐదేళ్ళు."

"వస్త్రం కోసం రాలేదు, చర్చి కోసం వచ్చాను. అది జనం హక్కు."

"జనం అంటే ఎవరు, పేర్లు చెప్పు. జరేచ్యెలో ఏం జరుగుతోందో తెలుసా నీకు? బతికున్నవాళ్ళ పేర్ల మధ్య పోయినదాని పేరు రాస్తే అటూ ఇటూ ఉన్నవాళ్ళని అది పిలుచుకుపోతుందంటారు అక్కడ. శత్రువుకి చెయ్యదలుచుకుంటే చేసే పని అది. పదహారో పేరు ఉస్తీన్య, పద్దెనిమిదో పేరు ఫెక్లా. ఇద్దరూ నిన్న వచ్చి రీబిన్ దగ్గర పేర్లు కొట్టించేసుకున్నారు. ఉస్తీన్య మంచం పట్టింది కూడా. లీదా ఇక క్లావ్‌దియా ఇంట్లో పింఛన్లు ఇవ్వనంది. ఆవిడ గుమ్మం ఎవరూ తొక్కడం లేదు."

"అది మూఢనమ్మకం."

"కావచ్చు. గుమ్మం మాత్రం ఖాళీగా ఉంది."

కాసేపు భూతద్దంలోకి చూసి, తలెత్తకుండా అడిగింది. "జాబితా రాసిందెవరు?"

"క్లావా మామ్మ."

అబద్ధం కాదు. సంతకాలు ఆవిడవేగా.

"రీబిన్ నాకు చూపించాడు ఆ కాయితం. డ్రాయింగు అక్షరాలు. జరేచ్యెలో డ్రాయింగు అక్షరాలు రాసేవాళ్ళు ఎంతమంది ఉన్నారంటావు?"

ఆవిడ వస్త్రం మీద పలచని గుడ్డ కప్పడం మొదలుపెట్టింది. ఒక మూల పట్టుకోమంది. పట్టుకున్నాను.

"ఈ పెలగేయా దీన్ని చర్చి మూసేసిన ముప్పై ఏడులో బంగాళాదుంపల గోతిలో దాచింది. పధ్నాలుగేళ్ళు అక్కడే ఉంచింది, మొగుడికి కూడా చెప్పలేదు. తర్వాత మా అమ్మ మ్యూజియంలో చేరితే తెచ్చి ఇచ్చింది. చర్చి తెరిచినప్పుడు మోయనివ్వాలని ఒప్పించుకుంది. నేను మోయనివ్వను, అది వేరే సంగతి. ముందు క్లావ్‌దియా పేరు మీద పడ్డ బురద ఎవరైనా కడగనీ. కడిగినవాడొచ్చి అడిగితే ఇరవయ్యో సంతకం సంగతి మాట్లాడతాను. చర్చి మీది. ఇది నాది."

బయట వ్యోమగాముల దినం ఊరేగింపు. డప్పులు.

13 ఏప్రిల్

క్లావా మామ్మ ఇంటికి వెళ్ళలేదు. పరీక్షలు దగ్గరపడ్డాయి.

14 ఏప్రిల్

వెళ్ళలేదు.

15 ఏప్రిల్

పరీక్షలు జూన్‌లో అని తిమొఫెయ్ గుర్తుచేశాడు.

16 ఏప్రిల్, ఆదివారం

వెళ్ళాను. వంతెన మీద మంచు కరిగి బురద. నది మధ్యలో గడ్డ విరిగింది.

"వచ్చాడయ్యా డ్రాయింగు మేస్త్రి! వారం నుంచి బూట్లు వెతుక్కుంటున్నావా?"

ఈస్టరు ముందు పెద్ద ఉపవాసం రోజులు. పాలు, గుడ్లు, మాంసం లేవు. ఊరవేసిన క్యాబేజీ, ఉడకబెట్టిన దుంపలు, నల్లరొట్టె. వడ్డించింది. పళ్ళెం అంచు వేలితో తడిమి ఎంత తిన్నానో చూసుకుంది.

నేను చెప్పేశాను. రెండో కాయితం సంగతి, శిలువ సంగతి. శిలువ చూశాననీ, వీళ్ళ కాయితాలన్నీ ఇంతే కదా అని పట్టించుకోలేదనీ, ఇరవై నిండాలన్న తొందరలో పై పేరు ఎక్కించేశాననీ. ఏడో గదిలో అన్నీ తెలిసే నోరు మూసుకున్నానని కూడా.

"నాకు తెలీదనుకున్నావా? పెలగేయా పేరు వాడి నోటమ్మట వినగానే తెలిసింది. పటాల వెనకున్న కాయితాలు రెండేగా. నువ్వు దాని ఇల్లు అడిగితే, కొలతలకేమో అనుకున్నా. నీకు ఇళ్ళు కొలిచే పిచ్చి ఉందిగా."

"మరి నీ మీద ఎందుకు వేసుకున్నావు?"

"నీ పేరు చెబితే వీసా పీకేస్తారు. నాకేం పీకుతారు? పళ్ళు కూడా లేవు."

నవ్వింది. ఒక్కతే నవ్వింది.

"ఆఫీసు సంగతి కాదురా. ఆఫీసు వాళ్ళు ఎప్పుడూ ఏదో ఒకటి అంటారు. ఉస్తీన్య మొన్న నన్ను చూసి రోడ్డు దాటి అటు పోయింది. అరవై ఏళ్ళు ఒక బావి నీళ్ళు తాగాం. దాని బిడ్డలు ముగ్గుర్నీ నా చేతుల మీదుగా కన్నది. నేను దాని చావు కోరానంటోంది."

"ఇప్పుడే వెళ్ళి చెబుతా. అందర్నీ పిలిచి చెబుతా!"

"కూర్చో. అరిస్తే నమ్ముతారా? నువ్వు నాలుగేళ్ళుగా అరుస్తూనే ఉన్నావు. చెప్పొద్దు. చదువు పూర్తి చేసుకో. నీ వాళ్ళు నిన్ను ఇంత దూరం పంపింది నా కోసం కాదు."

వచ్చేటప్పుడు దుంపలు కట్టి ఇచ్చింది. వద్దనలేదు.

17 ఏప్రిల్

మళ్ళీ ఏడో గది. ఒక్కణ్ణే. జాబితా రాసింది నేనేనని చెప్పాను. లిఖితపూర్వకంగా తీసుకోమన్నాను.

రీబిన్ తలుపు మూసి టీ పోశాడు.

"నువ్వేనని మొదటి రోజే తెలుసు. కూర్చో, కోస్త్యా. ఇంత చక్కటి అక్షరాలు నా గుమాస్తాలు రాస్తే నెత్తిన పెట్టుకుంటాను. చూడు, ముసలావిడ మతిమరుపు అని ఒక వాక్యం రాసి ఫైలు మూసేస్తాను. ప్రాసిక్యూటరూ లేడు, ఎవరూ లేరు. నువ్వు డిప్లొమా తీసుకుని మీ ఊరు వెళ్ళు. నాకు మాత్రం ఇది సరదానా? తొమ్మిదో పేరు మా అత్తగారు. జాబితా వెనక్కి పంపినప్పటి నుంచి ఇంట్లో నా ఎదురుగా చారు గిన్నె పెట్టడం మానేశారు."

"మతిమరుపు కాదు కదా."

"కాదు. అయితే?"

"అయితే అలా రాయకూడదు."

"ఇంకెలా రాస్తే నీకు బాగుంటుంది? విదేశీ విద్యార్థి ఒకడు మత ప్రచారానికి దొంగ జాబితా తయారుచేశాడనా? అది డీన్ బల్ల మీదికి వెళ్తుంది, అక్కడి నుంచి మాస్కోకి. పదిరోజుల్లో విమానం ఎక్కిస్తారు. రాయమంటావా?"

టీ చాలా వేడిగా ఉంది. తాగలేకపోయాను.

"ఇరవైమంది పాస్‌పోర్టులతో స్వయంగా వస్తే?" అన్నాను.

"వస్తే తీసుకుంటాను. చట్టం నాకూ తెలుసు. గురువారం సమావేశం పదింటికి. తలుపు తెరిచే ఉంటుంది." కప్పులో చక్కెర తిప్పాడు. "రారు. ఉన్నది పదిహేడు, అందులో ఏడుగురు మంచాల మీద. ఉస్తీన్య రానిదే ఫెక్లా రాదు. క్లావ్‌దియా పిలిస్తే ఇప్పుడు కుక్క కూడా రాదు."

నిజమే చెప్పాడు. అతన్ని అసహ్యించుకోవడానికి ప్రయత్నించాను. కుదరలేదు. అది నాకు నచ్చలేదు.

18 ఏప్రిల్

కరపత్రం రాయాలి. చదివినవి వందలు, రాయడం ఇదే మొదటిసారి. మొదటి ప్రతి రీబిన్ పేరుతో మొదలైంది. రెండోది అధికార యంత్రాంగంతో మొదలైంది. మూడోదాంట్లో చరిత్ర, ముప్పై ఏడు, జార్లు, జీన్స్ ప్యాంట్లు. మూడు పేజీలైంది.

తిమొఫెయ్ మంచం మీద పడుకుని చదివాడు. "బాగుంది. ఉస్తీన్య మామ్మ రెండో లైను దగ్గర రొట్టె కొనుక్కుని వెళ్ళిపోతుంది."

నాలుగోది తొమ్మిది వాక్యాలు. ట్రేసింగు కాయితం మీద రాశాను, అవే డ్రాయింగు అక్షరాల్లో. డ్రాయింగు హాల్లో అమ్మోనియా మిషను మీద పన్నెండు బ్లూప్రింట్లు తీశాం. ఆ వాసనకి ఇద్దరికీ కళ్ళల్లో నీళ్ళు. మిషను రిజిస్టరులో "చర్చి, ఉత్తర గోడ" అని రాద్దామన్నాడు తిమొఫెయ్. నేను "ప్రకటన" అని రాసి సంతకం పెట్టాను.

నడవలేనివాళ్ళకి లారీ సంగతి అతనే చూశాడు. గోదాము డ్రైవరు వాళ్ళ ఊరివాడట. "చర్చి వాళ్ళకిస్తే నేను బీట్‌రూటు ఎక్కడ దింపాలి?" అన్నాడట. అని, ఎన్నింటికి రమ్మంటారని అడిగాడట.

19 ఏప్రిల్, బుధవారం

పొద్దున రొట్టెల దుకాణం తలుపు, పోస్టాఫీసు, బావి దగ్గర స్తంభం, బస్టాపు, చర్చి తలుపు. ఒకటి ఏడో గదికి, ఒకటి డీన్ ఆఫీసుకి నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. డీన్ కార్యదర్శి చదివి, "పిచ్చిపట్టిందా నీకు?" అంది. శుక్రవారం రమ్మంది.

మ్యూజియంలో ఆగ్నియా ల్వోవ్న రెండుసార్లు చదివింది. సంచీలోంచి పాస్‌పోర్టు తీసి చూసుకుని, గడువు ఉందని చెప్పి మళ్ళీ సంచీలో పెట్టుకుంది. "వస్త్రం మాత్రం ఇవ్వను" అంది.

మామ్మకి నేనే చదివి వినిపించాను. వద్దన్నానుగా అని నా నెత్తి మీద ఒకటి వేసింది. తర్వాత మళ్ళీ చదవమంది.

మధ్యాహ్నం రొట్టెల దుకాణం దగ్గర ఉస్తీన్య. మంచం మీద ఉందన్నారు కానీ చేతిలో రెండు రొట్టెలున్నాయి. కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని చదివింది. నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"ఇది నువ్వేనా?"

"నేనే."

"చదువుకున్నవాడివి."

"ఔను."

"శిలువ కనబడలేదా?"

"కనబడింది. పట్టించుకోలేదు."

"పట్టించుకోలేదు!" పక్కనున్న ఫెక్లా వైపు తిరిగింది. "విన్నావా? నా చావు రాసి, పట్టించుకోలేదంటున్నాడు. మొహం చూస్తే పసివాడు." ఫెక్లా శిలువ గుర్తు వేసుకుంది. ఉస్తీన్య మళ్ళీ నా మీదికి. "క్లావాకి కనబడలేదు సరే, చేత్తో తడిమితే తెలియదా ఎవరి పేరో?"

"పేర్లు చేతికి తెలియవు, ఉస్తీన్య మామ్మా. నేను వేలు పెట్టించిన చోట పెట్టింది."

ఉస్తీన్య రొట్టెలు ఒక చంకలోంచి రెండో చంకలోకి మార్చుకుంది. తన ఇంటికి వెళ్ళాలంటే కుడికి తిరగాలి. ఎడమకి తిరిగింది. ఎడమ వైపు క్లావా మామ్మ ఇల్లుంది. బస్టాపు కూడా ఉంది. నేను వెనకాల వెళ్ళి చూడలేదు.

అతికించినదాని నకలు:

జరేచ్యె వాసులకు.

పెలగేయా నికీతిచ్న సూహొవా పేరును బతికున్నవారి వరసలో రాసింది నేను. ఆత్మశాంతి చీటీ మీది శిలువ చూసి కూడా, తొందరలో, అక్కడి పేరు ఎక్కించాను. క్లావ్‌దియా యెగోరొవ్నకి కళ్ళు కనబడవు; నేను చూపించిన గీత మీద, నన్ను నమ్మి సంతకం చేసింది. ఆవిడ ఎవరికీ చెడు కోరలేదు, ఆఫీసులో నా తప్పు తన మీద వేసుకుంది, నేను పక్కనే ఉండి మాట్లాడలేదు. ఉస్తీన్య గారినీ ఫెక్లా గారినీ క్షమించమని అడుగుతున్నాను. కొత్త జాబితాలో ఎవరి పేరు వారే, వారి చేత్తోనే రాస్తారు. నేను విదేశీయుణ్ణి, నాకు అందులో పేరు రాసే హక్కు లేదు, మీతో లోపలికీ రాను. నడవలేనివారి గుమ్మం దగ్గరికి ఎనిమిదిన్నరకి గోదాము లారీ వస్తుంది, నేనూ తిమొఫెయ్ ఎత్తి కూర్చోబెడతాం. చర్చిని ఎవరికివ్వాలో పదింటికి తేలుస్తారు, ఇరవైమందీ సమావేశం గదిలో ఉండాలి.

కోటేశ్వరరావు, భవన నిర్మాణ శాఖ, నాలుగో సంవత్సరం, రెండో హాస్టలు, 41వ గది.

పాస్‌పోర్టులు తీసుకుని రండి. గురువారం, ఏప్రిల్ 20, ఉదయం తొమ్మిది గంటలకి, త్రోయిత్స చర్చి మెట్ల దగ్గర.